ఎనిమిదో భాగం

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. దేవకుమారి పాప్‌కార్న్ పొట్లం భర్త చేతిలో పెట్టింది.

"ఇదేం గూఢచారి సినిమా అండీ? మొదటి భాగంలో రైలు మీద నుంచి కారు మీదికి దూకాడు. ఏడో భాగానికొచ్చేసరికి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. ఒక్క జోకన్నా వేశాడా?"

"ఇరవయ్యేళ్లుగా అదే పనాయె. ఇంకెంతకాలం నవ్విస్తాడే?" అన్నాడు ఇమ్మానుయేలు. చూపు మాత్రం ముందు వరుసల మీదే ఉంది.

"మరి ఎనిమిదో భాగం?"

"ఎవరో కుర్రాణ్ణి పెడతారంట. మళ్లీ పాటలు, ఫైట్లు."

"వద్దు. వీడే ఉండాలి. ఉద్యోగం మానేసి ఇంటికి రావాలి. పెళ్లాంతో కూర్చుని వేడన్నం తినాలి."

"అదెవరు చూస్తారే?"

"నేను చూస్తా."

పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి హాలుకి రావడం ఇది రెండోసారి. పొద్దున ఆయనే టికెట్లు తెచ్చాడు. ఆమె మంచి మంగళగిరి చీర తీసి కట్టుకుంది.

లైట్లు ఆరిపోయాయి. తెర మీద గూఢచారి మళ్లీ ఎవరి వెనకో నడుస్తున్నాడు.

దేవకుమారి ఆయన చేతిలోంచి పొట్లం తీసుకుంది.

"ముందు వరుసలో ఆకుపచ్చ కండువా ఆయన, మిర్చి రైతుల నాయకుడు, లేచి పోతున్నాడు. వెళ్లండి," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "పక్కన పెళ్లాం ఉంటే మిమ్మల్ని మఫ్టీ పోలీసని ఎవరూ అనుకోరుగా. కిందటిసారి సగంలో లేచి వెళ్లినప్పుడే తెలిసింది. మిగతా కథ ఇంటికొచ్చాక చెబుతాలే."