ఒక్క గేటు చాలనుకున్నారు

"ఏమే, ఇంకా ఒక్కడూ బయటికి రాలేదేంటి?" అన్నాడు స్టేడియం గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్.

పక్కనే టీ కాస్తున్న భార్య నవ్వింది. "ఎందుకొస్తారు? మనవాళ్లు గెలుస్తున్నారు! పాతికేళ్లకి దేవుడు కళ్లు తెరిచాడు. ఇంకో ఐదు నిమిషాలే."

ఆ ఊరి జట్టు ఎప్పుడూ ఓడేది. సగం ఆటకే జనం తిట్టుకుంటూ ఒక్కొక్కరుగా ఇంటిముఖం పట్టేవారు. అందుకే ఆరు గేట్లలో ఒక్కటే తెరవడం అతనికి అలవాటైపోయింది.

"లోపల ఎంతమందే?"

"నలభై వేలట. మన చిన్నమ్మాయి పై మెట్ల మీదుంది."

అతను తాళాల గుత్తి తీసుకుని రెండో గేటుకు పరుగెత్తాడు. తుప్పు పట్టిన తాళం తిరగలేదు.

"ఏంటయ్యా ఆ కంగారు? గెలిస్తే సంతోషమేగా!"

"ఆ సంతోషంతో అందరూ ఒక్కసారే వస్తారే! నీ అల్లం దంచే రాయి పట్రా, తాళం పగలగొట్టాలి!"

ఆమె రాయి పట్టుకుని పరుగెడుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మనవాళ్లు ఓడిపోవాలని మొక్కుకుంది.

లోపల నలభై వేల గొంతులు గెలిచామని ఒక్కపెట్టున అరిచాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.