పదహారు కోర్లా, ఎనిమిదా?

"పదహారు కోర్లదే కావాలి. ఇంక మాట్లాడకు," అన్నాడు బూన్ హాక్.

"గేమ్‌లకి ఎనిమిది కోర్లదే స్పీడు అంకుల్. ఎన్నిసార్లు చెప్పాలి?" కుగన్ తల పట్టుకున్నాడు.

ఇద్దరూ గైక్ చూ షాపులో నిలబడి అరగంటగా అరుచుకుంటున్నారు. పెనాంగ్‌లో గైక్ చూ దగ్గర దొరకని వస్తువు లేదు. చెప్పుల జత నుంచి ఏసీ దాకా అన్నీ అమ్ముతుంది. రేపు పండగ కావడంతో షాపు కిటకిటలాడుతోంది. వీళ్ళిద్దరూ మాత్రం కౌంటర్‌కి అడ్డంగా నిలబడి, కంప్యూటర్ లోపలి చిప్పు గురించి లోకానికి జ్ఞానం పంచిపెడుతున్నారు.

బూన్ హాక్ సంగతి చెప్పాలి. ఆయనది నూడిల్స్ బండి. నూడిల్స్‌లో రొయ్యలు ఎన్ని పడాలి అన్నది తప్ప ఇంకేదీ పట్టని మనిషి. అలాంటివాడు ఈమధ్య ప్రాసెసర్ల పండితుడైపోయాడు. ఏది సెకనుకి ఎన్ని బొమ్మలు తిప్పుతుందో, ఏ గేమ్‌లో ఏది గెలుస్తుందో, ఫోన్లో వీడియోలు చూసి బట్టీ పట్టాడు. ఆ జ్ఞానాన్ని బండి దగ్గరికి వచ్చినవాళ్ళకి అడక్కుండానే వడ్డించాడు. ఆకలి మీదున్నవాళ్ళు పక్క బండికి మారిపోయారు.

ఈ పాండిత్యం నిరుడే వచ్చుంటే బాగుండేది. అప్పుడు కొడుకు వెయ్ జియాత్ కొత్త ప్రాసెసర్ కొనిపెట్టమని, తండ్రిని "పా, పా" అని పిలుస్తూ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఆట మధ్యలో బొమ్మ ఆగిపోతోంది పా. నా వల్ల టీమంతా ఓడిపోతోంది."

"బొమ్మ ఆగితే నీ ఊపిరి ఆగిపోతుందట్రా?" అన్నాడీ మహానుభావుడు, బండి ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వేలా.

ఆ సాయంత్రమే కొడుకు బైకు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు.

ఈ కంప్యూటర్ ఇచ్చి ఆ మాట వెనక్కి తీసుకోవాలని బూన్ హాక్ ఆశ. అందుకే కొడుకు టీమ్‌లో ఆడిన కుగన్‌ని సలహా కోసం వెంటబెట్టుకొచ్చాడు. సలహాకి తెచ్చుకున్నవాడి సలహా వింటే ఆయన బూన్ హాక్ ఎందుకవుతాడు?

"ఒరే, పదహారు పొయ్యిలుంటే పదహారు ప్లేట్లు ఒకేసారి దింపుతాను. ఎనిమిదుంటే సగమేగా? నాకు లెక్కలు రావనుకున్నావా?"

"తినేవాడు ఒక్కడే అంకుల్. పదహారు పొయ్యిలు వెలిగించి ఏం చేసుకుంటారు? మీ బండి మీద గుడ్లు, రొయ్యలు, సాసు అన్నీ చేతికందేలా పెట్టుకుంటారా లేదా? అందుకేగా టకటకా వేయించేస్తారు. ఈ ఎనిమిది కోర్లది కూడా అంతే. సరుకంతా పక్కనే ఉంటుంది. గేమ్‌కి కావలసింది అదే."

బూన్ హాక్‌కి అర్థమైంది. అయితే అర్థమైందని ఒప్పుకుంటే పరువేం కాను?

"చవకది తీసుకెళ్తే మళ్ళీ పిసినారి అనుకుంటాడ్రా వాడు," అన్నాడు. గొంతు కాస్త తగ్గింది.

"వాడు రేటు చూడడు అంకుల్. లోపల ఏముందో చూస్తాడు. పైగా పదహారు కోర్లది బాగా వేడెక్కుతుంది."

"నా దగ్గరున్నవన్నీ వేడెక్కేవేలే," అంది గైక్ చూ.

"వారంటీ ఉందా?" బూన్ హాక్ కళ్ళు చిన్నవి చేసి అడిగాడు.

"ఇన్నేళ్ళలో పాడైందని ఒక్కటీ వెనక్కి రాలేదయ్యా. వెనకాల జనం తిట్టుకుంటున్నారు, తొందరగా తేల్చండి. పోనీ, రెండూ పెట్టేసి ఇవ్వనా?"

కుగన్ నోరు వెళ్ళబెట్టాడు. "ఒక బోర్డు మీద రెండెలా పడతాయి ఆంటీ?"

"నా దగ్గర పడతాయి."

బూన్ హాక్ కౌంటర్ మీదున్న కంప్యూటర్ పెట్టెను తన వైపు లాక్కున్నాడు.

"వద్దు గైక్ చూ. ఎనిమిదిదే పెట్టు. వీడు చెప్పినట్టే కానివ్వు. వాడికి ఏది నచ్చుతుందో వీడికే తెలుసు."

జన్మలో మొదటిసారి ఇంకొకడి మాట విన్నాడు. ఆ ఒకడు కొడుకు కాకపోవడమే ఆయన బాధ.

మర్నాడు బూన్ హాక్ పెట్టెను కుగన్ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు కూడా బిగించాడు. గుంత వచ్చినప్పుడల్లా "మెల్లగారా, నలిగిపోతుంది!" అని కుగన్ చెవిలో జోరీగలా మోగాడు. వెయ్ జియాత్ ఇప్పుడుంటున్నది ఊరి చివర కొండ మీద. పండగ కదా, దారి పొడవునా కార్లే. కింద ఎక్కడో కారు ఆపి నడవాల్సి వచ్చింది. పెట్టెను బూన్ హాకే మోశాడు. ఆయాసం వచ్చినా కుగన్‌ని ముట్టుకోనివ్వలేదు.

కొడుకు ముందు దాన్ని దించి, చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

"జియాత్, కుగన్ చెప్పిందే తెచ్చానురా. ఎనిమిది కోర్లది. ఇంక బొమ్మ ఆగదు. నీ ఇష్టం వచ్చినంతసేపు ఆడుకో. ఈ పా ఏమీ అనడు."

వెయ్ జియాత్ పలకలేదు.

"ఇంకా కోపం పోలేదు వాడికి," అన్నాడు బూన్ హాక్, కుగన్ వైపు తిరిగి. "నేనిస్తే తీసుకోడు. నువ్వే కానియ్‌రా."

కుగన్ అగ్గిపుల్ల గీసి, వెయ్ జియాత్ సమాధి ముందున్న ఆ కాగితం కంప్యూటర్‌కి నిప్పంటించాడు. పోయినవాళ్ళ పండగ నాడు ఇలా కాల్చినవే కదా పైన వాళ్ళకి చేరేవి.