నీలం గౌను పిల్ల

“నా పేరు రమణి. మా అమ్మ పేరు సుబ్బరత్నమ్మ. కువైట్‌లో ఉండాది.”

ఫోన్‌లో పిల్ల ఆ మాట అనేసరికి, వంకాయలు తరుగుతున్న సుబ్బరత్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

కువైట్‌లోని మహబూలాలో శుక్రవారం ఉదయం. పనిచేసే ఇంటి యజమానురాలు ‘మామా’ వారానికి ఒక్కరోజు సెలవిస్తుంది. ఆ రోజు సుబ్బరత్నమ్మ సత్యశ్రీ గదికి వచ్చి, ఆమెతో కలిసి వండుకు తింటుంది. సత్యశ్రీది కోనసీమ. ఇరవై ఆరేళ్లుంటాయి, బ్యూటీ పార్లర్లో పని. సుబ్బరత్నమ్మది కడప వైపు. కువైట్‌వాళ్లిచ్చిన ఇఖామా కార్డు లెక్కన వయసు నలభై ఎనిమిది. మోకాళ్లూ నడుమూ ఆ లెక్కకు సరిపోతాయి. జుట్టు మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

కొత్త ఫోన్ కొన్నప్పటి నుంచి సత్యశ్రీ తన చిన్ననాటి టీవీ ప్రోగ్రాములన్నీ యూట్యూబ్‌లో తవ్వి తీస్తోంది. ఇవాళ దొరికింది ‘సరిగమల సంత’. పాటలు, డాన్సులు, మధ్యమధ్య యాంకర్ రాజా జోకులు. పద్దెనిమిదేళ్ల కిందట, తొంభై ఆరులో, ఆదివారం వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లు దాని ముందే కూర్చునేవి.

సత్యశ్రీ వీడియో ఆపింది. “పిన్నీ! మీ పేరే చెప్పిందండి ఈ పిల్ల. మీ అమ్మాయాండీ? ఇన్నాళ్లూ మీకు పిల్లల్లేరనే అనుకుంటన్నాను!”

“ముందు పాట పెట్టుమే,” అంది సుబ్బరత్నమ్మ.

పాట కన్నా ముందు రాజా వచ్చాడు. ఆ పదమూడేళ్ల పిల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి, “లైట్లు వేయండయ్యా, పిల్ల కనబడ్డం లేదు,” అన్నాడు. జనం గొల్లుమన్నారు. బుగ్గ పట్టి గుంజాడు. “పౌడరు డబ్బా మొత్తం ఒంపినా ఇంతేనా? అవునూ, మీ అమ్మ కువైట్‌లో ఏం చేస్తుంది? ఒంటెలకి జోల పాడుతుందా, షేకులకా?” జనం ఈలలేశారు. జడ్జిలు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

పిల్ల కూడా నవ్వింది.

“ఛీ,” అంది సత్యశ్రీ. “అప్పుడు ఇదే చూసి పడీ పడీ నవ్వామండి మేం. మా నాన్నయితే ఆ ఒంటెల జోకు వారం రోజులు చెప్పాడు. ఇప్పుడు చూత్తంటే సిగ్గేత్తందండి. ఆ పిల్ల ఎలా నవ్విందండి బాబూ?”

“నవ్వకపోతే టీవీలో రాదని చెప్పినారు,” అంది సుబ్బరత్నమ్మ. “ఆ నీలం గౌను గూడా వాళ్లదే. లూజుంటే ఈపున పిన్నీసు పెట్టినారు. పాడినంత సేపూ అది గుచ్చుకుంటానే ఉండింది.”

పిల్ల పాట ఎత్తుకుంది. రాజా నోరు మూతపడింది. ఈలలేసిన జనమే సద్దుమణిగి విన్నారు.

“గొంతు అచ్చం మీదే పిన్నీ,” అంది సత్యశ్రీ. “గిన్నెలు తోముతా పాడతారే, అదే గొంతు.”

పాట అయ్యాక ఒక జడ్జి లేచి వచ్చి పిల్ల తల నిమిరాడు. “పెద్దయ్యాక నిన్ను మళ్లీ పిలుస్తామమ్మా,” అన్నాడు. వీడియో అయిపోయింది.

సత్యశ్రీ దాని కింద రాసింది చదివి ఎగిరి గంతేసింది. “నిజంగానే పిలుత్తన్నారండి! అప్పటి పిల్లలందరితో హైదరాబాదులో పెద్ద ప్రోగ్రామంట. బాగా పాడితే సినిమాలో పాటంట. పేరివ్వడానికి ఇవాళే ఆఖరు. నంబరు కూడా ఉంది!”

ఆ జడ్జి అన్న మాటను సుబ్బరత్నమ్మ ఏనాడూ మర్చిపోలేదు. ఈ ఒక్క ఫోన్‌తో రమణి మళ్లీ మైకు పట్టుకుంటుంది. ఈసారి ఎవడూ బుగ్గ గుంజడు. ఈ జన్మకు ఆ ఒక్కటి జరిగితే చాలు, ఇంకేమీ వద్దనిపించింది.

ఆమె ఔననేలోపే సత్యశ్రీ నంబరు నొక్కింది, విషయం చెప్పింది, స్పీకరు పెట్టి ఫోన్ ఆమె చేతికిచ్చింది.

“రమణిగారి అమ్మగారా?” అవతల ఒక మగగొంతు సంబరపడిపోయింది. “ఆ నీలం గౌను పాప కోసం నెల రోజుల్నుంచి వెతుకుతున్నామమ్మా. ఇప్పటికీ పాడతారా?”

“పాడతాది సార్.” మాట దానంతటదే వచ్చేసింది. “పాడతానే ఉంటాది.”

“చాలా సంతోషం. టికెట్ మేమే తీస్తాం. రమణిగారి పేరుతో ఉన్న పాస్‌పోర్టో, ఇంకేదైనా గుర్తింపు కార్డో, ఒక్క కాపీ పంపండి చాలు.”

“ఆ పేరుతో ఏ కాగితమూ లేదు సార్,” అంది సుబ్బరత్నమ్మ.

“అదెలాగమ్మా? మనిషన్నాక ఏదో ఒక కాగితం ఉంటుంది కదా. పోనీ, ఆమెనే ఒకసారి మాట్లాడమనండి.”

సత్యశ్రీ ఆశగా ఆమె ముఖంలోకి చూస్తోంది. సుబ్బరత్నమ్మ చూపు తిప్పుకుంది.

“చచ్చిపోయింది సార్. తొంభై తొమ్మిదిలో. పదారేండ్లకే.”

“ఇందాక పాడతారన్నారు...” అవతలి గొంతు నసిగింది.

“నాకు ఇనపడతా ఉంటాది సార్. అందుకని అట్ల అన్నా.”

అతను అయ్యో పాపమన్నాడు, క్షమించమన్నాడు, పెట్టేశాడు. సత్యశ్రీకి ఏడుపు ఆగలేదు. “ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఎలా తిరుగుతున్నారు పిన్నీ,” అంటూ ఆమె ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది.

తొంభై తొమ్మిదిలో కొత్త వీసా చేతికొచ్చిన వారానికే, నిజానికి చచ్చిపోయింది తల్లి సుబ్బరత్నమ్మ. ఆ తల్లి పాస్‌పోర్టు మీద ఫొటో మార్చి ఏజెంటు విమానం ఎక్కించిన రమణి, తన చావుకు వెక్కి వెక్కి ఏడుస్తున్న సత్యశ్రీ కళ్లు కొంగుతో తుడిచింది.