అట్టముక్కల లైబ్రరీ

"ఆంటీ, చెయ్యి తియ్యండి."

కహకషాన్ గొంతు హాలంతా వినిపించింది. అట్టమెట్ల మీద పెద్దావిడ వేళ్ళు ఆగిపోయాయి.

ఆ మెట్లు ఎన్నిసార్లు ఊడిపోయాయో, ఎన్నిసార్లు అతికించిందో కహకషాన్‌కే తెలుసు. క్రాన్‌బర్న్ అనే శివారు దగ్గర కట్టబోయే లైబ్రరీ కోసం యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలంతా నమూనాలు చేసి బల్లల మీద పెట్టారు. ఒక్కటే గెలుస్తుంది. గెలిచినదాన్ని నిజంగానే కడతారు.

కహకషాన్ గెలిచి తీరాలి. లేకపోతే ఫిబ్రవరిలో కంప్యూటర్ కోర్సుకి మారాలని అన్న కాషిఫ్ షరతు పెట్టాడు. వైటూకే అనే కంప్యూటర్ గండం పుణ్యమా అని ప్రతివాడికీ ఉద్యోగం దొరుకుతుంటే, చెల్లెలు అట్టలు కోసుకుంటూ కూర్చుందని అతనికి తలవంపులు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆ మాటే చెప్పి నవ్వేవాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆ మంటంతా ఇప్పుడు ఈ ఆంటీ మీదికి మళ్ళింది.

"ముట్టుకోవద్దని బోర్డు పెట్టాను. చదవలేదా?"

"లేదమ్మా. మెట్లు చాలా బాగా కుదిరాయి. మిగతాది కూడా కాస్త చూడనిస్తావా?"

ఆ మాట కిటికీవైపు మొహం పెట్టి అంది ఆవిడ. ఎదుటిమనిషిని చూసి మాట్లాడే మర్యాద కూడా లేదనుకుంది కహకషాన్. ఎవరి తల్లో, ఇంట్లో తోచక వచ్చినట్టుంది. మనవాళ్ళింతే, సంతలో వంకాయలు పిసికినట్టు ఎక్కడికెళ్ళినా అన్నీ పిసికి చూడాలి. అదే తెల్లావిడైతే కహకషాన్ నవ్వి ఊరుకునేదే. ఆవిడ తెలుగులో మెట్లు లెక్కపెట్టుకోవడం వినగానే మొహమాటం కాస్తా ఎగిరిపోయింది.

"కళ్ళతో చూడండి ఆంటీ. చేతులతో కాదు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్కబల్ల డేనియల్ వచ్చి ఆవిడను తన నమూనా దగ్గరికి తీసుకెళ్ళాడు. కప్పు ఊడదీసి మరీ లోపలంతా తడమనిచ్చాడు. ఎవరు కనబడితే వాళ్ళని కాకా పట్టడమేనా అని కహకషాన్ మొహం తిప్పుకుంది.

సాయంత్రం డేనియల్ గెలిచాడు.

కహకషాన్ తిన్నగా ట్యూటర్ దగ్గరికి వెళ్ళింది. బయటిదేశం పిల్లననేగా ఇలా చేశారని నిలదీసింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ప్లాన్లు చూసి తాము టీచర్లంతా ఆమెకే ఓటేశామని, కానీ చివరిమాట లైబ్రరీ కమిటీ చైర్‌పర్సన్‌దని చెప్పాడు.

"ఆవిడకి నాదెందుకు నచ్చలేదు?"

"హాలు మొత్తంలో మంచి మెట్లు నీవేనంది. మిగతా బిల్డింగు చూడలేదు కాబట్టి ఎంచుకోలేనంది."

"నా బల్ల దగ్గరికి చైర్‌పర్సన్ ఎవరూ రాలేదే?"

"పొద్దునే వచ్చింది," అన్నాడాయన. "ఆవిడకి చూపు లేదు కహకషాన్, ఏదైనా వేళ్ళతోనే చూస్తుంది."