ఫోన్ మరిచిపోవాలి

"మీ ఆవిడ ఫోన్ మీ ఆవిడ తెస్తేనే ముట్టుకుంటాను. తీసుకెళ్లండి," అంది ఫోన్లు బాగుచేసే స్క్రూడ్రైవరక్క, ఫోన్‌ను గాజుబల్ల మీద అవతలికి నెట్టేస్తూ.

బస్సు డ్రైవరు కదల్లేదు. ఫోన్‌ను రెండు వేళ్లతో మళ్లీ ఇవతలికి జరిపాడు. అతని ఖాకీ చొక్కా నలిగి ఉంది. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"సాయంత్రంలోగా కావాలమ్మా. ఈ పని మీరొక్కరే చేస్తారని చెప్పి పంపారు."

చెప్పినవాళ్ల మాట నిజమే. ఆ వీధిలో పగిలిన ఫోన్లు అతికించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోన్‌తో పాటు వచ్చిన సిస్టమ్‌ను కూకటివేళ్లతో పెకలించి, ఎవరికీ చాడీలు మోయని మరో సిస్టమ్ వేసేది మాత్రం అక్కే. దానిమీద ఫైర్‌వాల్ కూడా పెట్టేది. ఇక ఏ యాప్ గడప దాటాలన్నా ముందు ఫోన్ గలవాళ్లను అడగాల్సిందే. మొగుళ్ల నిఘా తప్పించుకోవడానికి ఆడవాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పెళ్లాల ఫోన్లు పట్టుకుని మగవాళ్లూ వచ్చేవాళ్లు, వేరే పని మీద. వాళ్లను చూస్తే అక్కకు ఒళ్లు మండేది.

"ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో తెలియాలా?" అంది.

"వద్దు. నాకేమీ తెలియక్కర్లేదు."

"మరి?"

"ఆమె ఏం వెతికిందో, ఏం చూసిందో, ఏం కొందామనుకుందో అంతా ఇందులోనే ఉంది. అదంతా ఇది మరిచిపోవాలి. ఆమె చేతికి వెళ్లేసరికి దీనికేమీ గుర్తుండకూడదు."

అక్క చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది. నిఘా పెట్టమన్నవాళ్లను చూసింది గానీ, ఆనవాళ్లు చెరిపెయ్యమన్నవాణ్ని చూడటం ఇదే మొదలు.

"మీ ఆవిడ ఎక్కడుంది?"

"ఆస్పత్రిలో."

"ఏమైంది?"

డ్రైవరు బల్ల అంచు పట్టుకుని తల వంచుకున్నాడు.

"ఫోన్ ఇక్కడికి తెచ్చారని ఆవిడకు తెలుసా?"

"తెలీదు. రోజూ అడుగుతోంది. ఛార్జర్ దొరకలేదని అబద్ధం చెబుతున్నాను."

"నిజం చెప్పండి. ఆవిడమీద చెయ్యి చేసుకున్నారా?"

అతను తలెత్తి, ఆ మాట ఎవర్ని అన్నదో తెలియనట్టు చూశాడు. చూపు మళ్లీ ఫోన్ మీదికి దించుకున్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టున్నాడు అనుకుంది అక్క. తన సొంత ఫోన్ తీసి, పోలీసులకు చెయ్యడానికి వీలుగా పక్కనే పెట్టుకుంది.

"ముందు ఇందులో ఏముందో చూస్తాను. కాపాడమని ఆవిడ ఎవర్నైనా అడిగి ఉంటే, ఎవరైనా ఆవిడకోసం వెతుకుతూ ఉంటే, మీరు ఈ కొట్టులోంచి కదలరు. సరేనా?"

"చూడండి. నాకు మాత్రం చూపించొద్దు," అన్నాడు డ్రైవరు. తాళం తీసే అంకెలు చెప్పి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క ఫోన్ తెరిచి కొట్టులోని నెట్‌కు కలిపింది. రోజుల తరబడి కట్టేసి ఉన్న ఫోన్ కదా, కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత గట్టు తెగినట్టు ఒకటే మోత. మోగిన ప్రతిసారీ డ్రైవరు భుజాలు ముడుచుకుపోతున్నాయి.

ఆమె ఒక్కొక్కటే చదివింది. మనుషులు పంపింది ఒక్కటీ లేదు. అన్నీ యాప్‌లు పంపినవే.

ఉయ్యాలలు సగం ధరకే. మీలాంటి తల్లులు మెచ్చిన మెత్తటి దుప్పట్లు. మీరు చూసి వదిలేసిన గులాబీరంగు మేజోళ్లు ఇంకా మీకోసమే ఎదురుచూస్తున్నాయి. ఆస్పత్రికి సంచీ సర్దుకున్నారా? ఈ వారం మీ పాప మీ గొంతు గుర్తుపడుతుంది, మాట్లాడుతూ ఉండండి.

అక్క మొహంలో బిగువు సడలింది. పక్కన పెట్టుకున్న ఫోన్ తీసి సొరుగులో పడేసింది. ఈ మనిషిని పట్టుకుని ఎంత మాట అన్నాను అని మనసులోనే నొచ్చుకుంది.

"పురుటికి వెళ్లిందా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదయ్యా," అంది గొంతు మెత్తబరిచి. "తల్లీ బిడ్డా ఇంటికి ఎప్పుడొస్తున్నారు?"

డ్రైవరు ఇటు తిరగలేదు.

"సాయంత్రం," అన్నాడు. "తల్లి ఒక్కతే."