పెట్రోలు గుడ్డ

ఆ ఆదివారం కూడా ఇంజను మూత తీసే ఉంది.

గడియారాల మెకానిక్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎంత ముచ్చటపడి కొనుక్కున్నాడు ఆ చిన్న తెరచాప పడవని! గాలి లేనప్పుడు నడపడానికి దాని కడుపులో ఓ పాతకాలపు పెట్రోలు ఇంజను. వయసులో అతనికంటే పెద్దది. దాని ఇత్తడి గొట్టాల్ని తోమి తోమి అద్దంలా చేశాడు.

"నన్ను చూసినప్పుడు కూడా మీ మొహం అంత వెలగదు" అని భార్య దెప్పుతుంది.

ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. పెట్రోలు మళ్ళీ తగ్గింది.

వారంనుంచీ కదలని ఇంజనుకి దాహమెందుకేస్తుంది? ఎవడో కాజేస్తున్నాడు.

రేవులో బల్లమీద కూర్చునే ముసలాయన మీద పడింది అనుమానం. ఎవరితోనూ మాట్లాడడు. ఒక్కసారి మాత్రం దగ్గరికొచ్చి, "బాబూ, ఇంజను తిప్పేముందు ఈ మూత కాసేపు..." అని ఏదో చెప్పబోయాడు.

"వెంట్రుకంత స్ప్రింగులతో కాపురం చేసేవాణ్ణి. నాకు ఇంజను నేర్పుతారా?" అని అప్పుడే నోరు మూయించేశాడు.

ఇప్పుడు తిన్నగా వెళ్ళి ముసలాయన సంచి లాక్కున్నాడు. అందులో ఓ పాత గుడ్డ. గుప్పున పెట్రోలు వాసన.

"దొరికాడు దొంగ!"

పడవలవాళ్ళంతా పోగయ్యారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఈ వయసులో ఇదేం బుద్ధి పెద్దాయనా?"

"నేను తియ్యలేదు బాబూ. తుడిచాను, అంతే."

"అవును, ట్యాంకంతా తుడిచిపెట్టారు!" అన్నాడు మెకానిక్.

అందరూ నవ్వారు. ముసలాయన తల దించుకుని వెళ్ళిపోయాడు. గుడ్డ కూడా అడగలేదు.

ఆ సాయంత్రమే మూతకి తాళం పడింది.

తరువాతి ఆదివారం తాళం వేసింది వేసినట్టే ఉంది. దొంగని పట్టిన గర్వంతో అతను భార్యని కూడా షికారుకి తీసుకొచ్చాడు. ఆవిడ ఇంజను పెట్టె పక్కనే చతికిలబడింది.

అతను స్టార్టు చెయ్యడానికి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఆగండి. పెట్రోలు కంపు."

"మరి పెట్రోలు ఇంజను దగ్గర అత్తరు వాసనొస్తుందా?"

"తల తిరిగిపోతోందండీ. ఓసారి మూత తీసి చూస్తే మీ సొమ్మేం పోతుంది?"

విసుక్కుంటూనే తాళం తీశాడు.

ఇంజను కింద, పడవ అడుగున, పెట్రోలు మడుగు కట్టి ఉంది. కార్బురేటరునుంచి ఇంకా బొట్టు బొట్టుగా కారుతోంది. వారమంతా పోయే దారిలేక దాని ఆవిరి ఆ పెట్టెలోనే నిండిపోయింది. హ్యాండిల్ తిప్పి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆవిడ పెట్టె పక్కనే కూర్చుని ఉంది.



పెట్రోలు ఎవరూ కాజెయ్యలేదు. కారిపోయింది. ప్రతి ఆదివారం తనకంటే ముందే వచ్చి, మూత తీసి, ఆవిరి పోనిచ్చి, కారిందంతా గుడ్డతో తుడిచి వెళ్ళిన మనిషిని తను పదిమందిలో దొంగని చేశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

భార్యని ఒడ్డుకి దించి, వాచ్‌మన్‌ని అడిగి ఇల్లు తెలుసుకుని పరుగెత్తాడు. కాళ్ళమీద పడైనా సరే, క్షమించమని అడగాలి.

ఓ పెద్దావిడ తలుపు తీసింది. ముఖం సగం, మెడంతా, పాత కాలిన మచ్చలతో ముడుచుకుపోయి ఉన్నాయి.

"పెద్దాయన ఉన్నారాండీ?"

"మొన్ననే పోయారు బాబూ. పోయిన ఆదివారం రేవునుంచి వచ్చి మంచమెక్కారు. ఏం జరిగిందంటే చెప్పలేదు. ఇంతకీ మీరెవరు?"



"ఇంజను పడవ... నాదేనండీ."

"మీరేనా! పోయేముందు కూడా మీ గురించే బెంగ. ఆ మూత ఎవరు తీస్తారు, ఎవరు తీస్తారు అని ఒకటే కలవరింత."

"ఆయనకెందుకండీ అంత..."

ఆవిడ కాలిన చెంప తడుముకుంది.

"ఒకప్పుడు ఆ పడవ మాదే బాబూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మూత తియ్యకుండా ఇంజను తిప్పింది ఆయనే."