బావగారి నవల

ఎనిమిదేళ్ళుగా రాస్తున్న నవలట! ఆదివారం చుట్టాలందరికీ చదివి వినిపించాల్సింది, శుక్రవారమే మా బావగారి కంప్యూటర్ మొండికేసింది. రిపేరు షాపు పెట్టుకున్న పాపానికి నేను పరుగెత్తాను.

డిస్కు లేదంటోంది తెర. మూత విప్పితే డిస్కు వైరు ఊడి ఉంది. దానంతటదే ఊడిందనుకుందామంటే, చక్కగా చుట్టుకుని రబ్బరు బ్యాండు వేసుకుని మరీ ఊడింది.

దెబ్బ తిందేమోనని డిస్కుని నా లాప్‌టాప్‌కి తగిలించి చూశాను. 'నవల' అన్న ఫైలులో మూడు వాక్యాలున్నాయి. మూడోది సగమే.

"బావా, వైరు మీరే పీకారు కదూ?"

"నాకంత తెలివుంటే నవలే రాసేవాణ్ణి కదయ్యా!" అన్నారు బావగారు గొంతు తగ్గించి. "మొత్తం పోయిందని చెప్పు మీ అక్కకి. ఎనిమిదేళ్ళుగా అందరికీ గొప్పగా చెప్పుకుంటోంది."

మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. అక్క నన్ను మూలకి లాగింది.

"ఒరే, వైరు నేనే పీకాను. నీ దగ్గర చూసి నేర్చుకున్నదే. చుట్టాల్ని పిలిచేశాక ఆ మూడు ముక్కలూ చూశాను. పోయిందనే చెప్పరా ఆయనకి. నలుగురిలో ఆయన తల దించుకుంటే నేను చూడలేను."

"అది కాదక్కా, బావ కూడా..."

"ఏమయ్యా!" అని హాల్లోంచి బావగారి కేక, ఇల్లంతా వినపడేలా. "ఒక్క పేజీ అయినా దొరుకుతుందా?"